మూరన్నర చెప్పులు... మోకాలి లోతు మంచు!

పరుగు పందెం అనగానే ఎవరైనా ముందు చూసుకునేది బూట్లు. అవి ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. బూటు బరువులో పది గ్రాములు తగ్గించడానికి కంపెనీలు కోట్లు గుమ్మరిస్తాయి. అలాంటిది, మంచి బూట్లు వేసుకుని, వాటి కింద దాదాపు మూరన్నర పొడవుండే మరో జత 'చెప్పులు' కట్టుకుని, మోకాలి లోతు మంచులో కొండెక్కి దిగే పందెం ఒకటుంది. పైగా ఆ సమయానికి బయట మైనస్ 20 డిగ్రీల చలి! ఆ చెప్పుల పేరు స్నోషూలు. పందెం స్నోషూ రేసు.

ఈ వింత పరుగు చూడాలంటే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసకు వెళ్లాలి. న్యూయార్క్ అంటే ఆకాశహర్మ్యాలూ టైమ్స్ స్క్వేరే అనుకునేవారికి ఈ కొస ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. అడిరాండాక్ కొండలు, వేల సరస్సులు, మైళ్ల కొద్దీ దేవదారు జాతి చెట్లు. ఇప్పుడు దాదాపు 60 లక్షల ఎకరాలున్న ఈ పార్కును 1892లోనే ప్రకటించారు. అందులోని ప్రభుత్వ అడవిని ఎప్పటికీ అడవిగానే ఉంచాలని 1894లో రాష్ట్ర రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ అడవి మధ్యలో, సరస్సు ఒడ్డున, సుమారు 5 వేల జనాభాతో ఓ చిన్న ఊరు... శారనాక్ లేక్. మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీ అంత ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో ప్రపంచ స్నోషూ చాంపియన్‌షిప్ జరిగింది ఇక్కడే.

ఊరికి ఆనుకుని డ్యూయీ మౌంటెన్ అని ఓ బుల్లి కొండ ఉంది. మౌంటెన్ అనే మాట దానికి కాస్త పెద్దదే. కానీ స్నోషూలు కట్టుకుని ఒక్కసారి ఎక్కితే ఆ పేరు సరైనదేనని ఎవరైనా ఒప్పుకుంటారు!

చేట లాంటి చెప్పు

దమ్ము చేసిన మడిలో పరుగెత్తడం ఎలా ఉంటుందో పల్లెటూళ్లలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అడుగేస్తే కాలు దిగబడుతుంది. దాన్ని పైకి లాగేలోపు రెండోది దిగబడుతుంది. కొత్తగా కురిసిన మంచూ అంతే. మనిషి బరువంతా పాదం వైశాల్యం మీదే పడుతుంది కాబట్టి మెత్తటి మంచు ఆగదు. అదే బరువును వెడల్పుగా పరిస్తే? దిగబడటం తగ్గుతుంది. అంతే, స్నోషూ సూత్రం ఇంతకంటే పెద్దదేం కాదు.

ఉత్తర అమెరికా ఆదివాసులు ఈ సూత్రాన్ని వేల ఏళ్ల నాడే కనిపెట్టారు. యాష్ చెట్టు చెక్కను ఆవిరి పట్టి చేట ఆకారంలో వంచి, మధ్యలో దుప్పి తోలును సన్నటి తాళ్లలా కోసి నులక మంచం అల్లినట్టు అల్లేవారు. కొన్ని తెగలవి ఎలుగుబంటి పంజాలా గుండ్రంగా ఉండేవి. మరికొన్ని పడవలా ముందు కొస పైకి లేచి పొడవుగా ఉండేవి. చెట్లూ పొదలూ ఎక్కువున్న చోట గుండ్రనివి, విశాలమైన మైదానాల్లో పొడుగువి. వేటకు వెళ్లాలన్నా, పక్క ఊరి చుట్టాన్ని చూసి రావాలన్నా చలికాలం ఆరు నెలలూ అవే ఆధారం. బొచ్చుతోళ్ల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్లు వాటిని చూసి 'రాకెట్' అని పేరు పెట్టారు. అవును, టెన్నిస్ రాకెట్‌కూ దీనికీ ఫ్రెంచిలో ఒకే మాట. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకో తెలిసిపోతుంది.

ఇప్పటి రేసు స్నోషూలో చెక్కా లేదు, తోలూ లేదు. తేలికపాటి అల్యూమినియం చట్రం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ లాంటి గుడ్డ, కింద జారకుండా లోహపు పళ్లు. పాదం ముందు భాగాన్ని పట్టీతో బిగిస్తారు, మడమ మాత్రం లేస్తుంది. సుమారు రెండడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. గెలవాలన్న ఆత్రంలో ఎవరూ మరీ చిన్నవి కట్టుకు రాకుండా, ఒక్కోటి 120 చదరపు అంగుళాలకు తగ్గకూడదని అమెరికా స్నోషూ సంఘం నిబంధన పెట్టుకుంది. మామూలు బూటు అడుగుతో పోలిస్తే అది మూడు నాలుగింతలు! మరో నియమం కూడా ఉంది. రెండు స్నోషూలూ కాళ్లకు ఉండగానే ముగింపు గీత దాటాలి. దారిలో ఒకటి ఊడిపోతే ఆగి కట్టుకోవాల్సిందే.

మొదటి 300 మీటర్లే అసలు పందెం

రోడ్డు మీద మారథాన్లు పరుగెత్తిన అనుభవం ఇక్కడ సగమే అక్కరకొస్తుంది. రెండు చేటలు ఒకదాన్నొకటి తగలకుండా ఉండాలంటే కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు పైకెత్తి పరుగెత్తాలి. కొత్తగా పట్టుపంచె కట్టుకున్న పెళ్లికొడుకు వర్షంలో పరుగెత్తితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది చూడ్డానికి. ఏమరుపాటున ఎడమ స్నోషూ అంచు మీద కుడికాలు పడిందా... మొహం మంచులో! తొలి రేసులో ఒక్కసారైనా పడనివాళ్లు అరుదు. దెబ్బ తగలదు గానీ, మెడ వెనక నుంచి చొక్కాలోకి జారిన మంచు వెన్నుపూస మీదుగా కరుగుతూ దిగుతుంటే ఆ బాధ వేరు.

బయలుదేరే చోటు వెడల్పుగా మైదానంలా ఉంటుంది. అందరూ వరుసగా నిలబడతారు. ఈల మోగగానే, పది కిలోమీటర్ల రేసైనా వంద మీటర్ల పందెంలా ఒక్కుమ్మడిగా దూకుతారు. ఎందుకంటే మూడు నాలుగు వందల మీటర్లలోపే దారి అడవిలోకి దూరి, ఒక్క మనిషి పట్టేంత సన్నబడిపోతుంది. అక్కడికి ఎవరు ముందు చేరితే వాళ్లదే దారి. వెనకపడినవాళ్లు ముందున్నవారి వీపు చూస్తూ పరుగెత్తాల్సిందే. దాటిపోవాలంటే తొక్కిన బాట వదిలి పక్కనున్న మెత్తటి మంచులోకి దిగాలి. నడుము దాకా ఊపిరి బిగబట్టి, రెట్టింపు బలం పెట్టి పదిహేను ఇరవై అడుగులు వేస్తే గానీ ఒక్క మనిషిని దాటలేరు. అంత కష్టపడి దాటాక ఆయాసంతో వేగం తగ్గి, మళ్లీ వాడికే దారివ్వాల్సి వస్తే? అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఎక్కడ దాటాలో ముందు రోజే దారంతా నడిచి గుర్తుపెట్టుకుంటారు.

ఇంకో తమాషా, మడమ లేచిన ప్రతిసారీ స్నోషూ తోక గరిటెలా మంచును వెనక్కి చిమ్ముతుంది. కొంత సొంత వీపు మీదే పడుతుంది, మిగతాది వెనక వచ్చేవాడి మొహానికి. పందెం అయ్యేసరికి ముందు వైపు చెమటతో, వెనక వైపు మంచుతో తడిసి ముద్దవుతారు. చలి కదా అని స్వెట్టర్లు బిగించుకుని వచ్చేవాళ్లు తొలి రెండు కిలోమీటర్లలోనే ఉడికిపోతారు. తలుపు తీసి బయటికి రాగానే 'అబ్బ, చలి' అనిపించేంత పల్చగా వేసుకుంటేనే పరుగులో సరిపోతుంది. అయితే ఆగితే మాత్రం ప్రమాదం. పట్టిన చెమట నిమిషాల్లో చల్లబడి ఒళ్లు గడ్డకట్టుకుపోతుంది. కనురెప్పల వెంట్రుకల మీద ఊపిరి ఆవిరి తెల్లగా పేరుకుంటుంది. వీపున కట్టుకున్న నీళ్ల సంచీ గొట్టం గడ్డకట్టి, నీళ్లుండీ తాగలేని పరిస్థితి వస్తుంది.

రోడ్డు మీద 10 కిలోమీటర్లు 45 నిమిషాల్లో పూర్తిచేసే వ్యక్తికి ఇక్కడ గంట దాటినా ఆశ్చర్యం లేదు. మంచు కొత్తదైతే ఇంకా ఎక్కువ. అందుకే ఈ ఆటలో టైమింగుల గొప్పలు చెల్లవు. నిన్నటి మంచు వేరు, ఇవాళ్టి మంచు వేరు. ఎక్కేటప్పుడు ఊపిరితిత్తులు నోట్లోకొచ్చినంత పనవుతుంది. దిగేటప్పుడు మాత్రం పండగే. కింది పళ్లు పట్టు ఇస్తాయి, మంచు పరుపులా ఉంటుంది, ఒంటిని ముందుకు వదిలేసి అంగలేసుకుంటూ పోవడమే. పెద్దవాళ్లు సైతం కేకలు పెట్టేది అక్కడే.

చలిగాలి కోసం వచ్చిన రోగులు

ఊపిరి బిగబట్టి పరుగెత్తే ఈ ఊరికి పేరొచ్చింది మాత్రం ఊపిరాడని మనుషుల వల్ల! ఈ సంగతి తెలుసుకోకుండా శారనాక్ లేక్ వీధుల్లో తిరిగితే సగమే చూసినట్టు.

న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. క్షయతో మంచం పట్టిన అన్నకు సేవలు చేసి, ఆయన్ను దక్కించుకోలేకపోయాడు. 1873లో అదే జబ్బు తనకూ ఉందని తేలింది. అప్పటికి టీబీకి మందు లేదు. ఎలాగూ చావు తప్పదు, ఇష్టమైన చోట పోదామని అడిరాండాక్ అడవికి వచ్చాడు. చిత్రంగా కోలుకున్నాడు. ఆ చల్లటి స్వచ్ఛమైన గాలే తనను బతికించిందని నమ్మి, 1884లో శారనాక్ లేక్‌లో శానిటోరియం పెట్టాడు. 'లిటిల్ రెడ్' అనే చిన్న ఎర్ర కుటీరంతో మొదలైన ఆ వైద్యం చివరికి ఊరినే ఆస్పత్రిగా మార్చేసింది. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చారు. ఇంటింటికీ విశాలమైన వరండాలు కట్టారు. మంచు కురుస్తున్నా సరే, రోగులు దుప్పట్లు కప్పుకుని ఆ వరండాల్లో వాలు కుర్చీల్లో గంటల తరబడి పడుకుని గాలి పీల్చుకునేవారు. అలాంటి ఇళ్లు ఇప్పటికీ ఊళ్లో చాలా ఉన్నాయి. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ కూడా 1887-88 చలికాలం ఇక్కడే గడిపాడు. ఆయన అద్దెకున్న ఇల్లు మ్యూజియమైంది.

మనకూ ఇది మరీ కొత్త కథేం కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి... మంచి గాలి కోసం కొండల మీదో చెట్ల మధ్యో టీబీ శానిటోరియాలు వెలిసిన ఊళ్లు తెలుగునేల మీదా ఉన్నాయి. కాకపోతే అక్కడ రోగులు వేపచెట్ల గాలి పీలిస్తే ఇక్కడివాళ్లు మైనస్ డిగ్రీల గాలి పీల్చారు.

స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులొచ్చాక శానిటోరియాల అవసరం తీరిపోయింది. ట్రూడో శానిటోరియం 1954లో మూతపడింది. ట్రూడో అంతకు చాలాముందే, 1915లో, అదే టీబీతో కన్నుమూశాడు. మందు వస్తే ఊరంతా సంబరపడాలి నిజమే గానీ, బతుకుతెరువంతా రోగుల మీదే ఆధారపడ్డ ఊరికి అదో పెద్ద దెబ్బ కూడా. ఆ తర్వాత ఊరు తేరుకోవడానికి ఏది ఆధారమైందంటే... అదే చలి, అదే మంచు.

రోగుల దిగులు పోగొట్టడానికని 1897లో ఊళ్లోని పాంటియాక్ క్లబ్బు మొదలుపెట్టిన శీతాకాల ఉత్సవం ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో జరుగుతోంది. ఫ్లవర్ సరస్సులో గడ్డకట్టిన మంచును రంపాలతో దిమ్మెలుగా కోసి, వాటితో ఒడ్డున రాజభవనం కడతారు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంటు బదులు మంచూ నీళ్లూ కలిపిన ముద్ద! అంతా ఊరివాళ్ల శ్రమదానమే. ఉత్సవానికి వేసే బ్యాడ్జీల బొమ్మలు గీసేది డాక్టర్ ట్రూడో మునిమనవడు, ప్రసిద్ధ కార్టూనిస్టు గ్యారీ ట్రూడో. పక్కనే, పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేక్ ప్లాసిడ్‌లో 1932, 1980 శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. దాంతో ఈ చుట్టుపక్కల పిల్లలకు మంచు ఆటలంటే మన పిల్లలకు గల్లీ క్రికెట్టంత సహజం.

ఇక్కడి అడవిలో స్నోషూ వేడుక మాత్రమే కాదు, నిబంధన కూడా. తూర్పు వైపు ఎత్తైన శిఖరాల ప్రాంతంలో ఎనిమిది అంగుళాలకు మించి మంచుంటే స్నోషూలో స్కీలో లేకుండా నడవకూడదు. ఒట్టి బూట్లతో నడిస్తే దారి పొడవునా లోతైన గుంతలు పడతాయి. రాత్రికి అవి గట్టిపడితే మర్నాడు వచ్చేవాడి కాలు అందులో ఇరుక్కుని విరగొచ్చు. ఎవరో తొందరపడి నడిచిన దానికి ఇంకెవరో బాధపడకూడదన్నదే దీని ఉద్దేశం.

ఎవరి ఆట... ఎవరి కప్పు?

పని కోసం పుట్టిన స్నోషూ పందెంగా మారింది మాత్రం సరిహద్దుకు అవతల, ఇక్కడి నుంచి రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్న కెనడా నగరం మాంట్రియల్‌లో. 1840లో అక్కడి ఆంగ్లేయ వ్యాపారులూ ఉద్యోగులూ కలిసి మాంట్రియల్ స్నోషూ క్లబ్బు పెట్టుకున్నారు. నీలం రంగు ఉన్ని టోపీలూ, కంబళి కోట్లూ వేసుకుని రాత్రిపూట కాగడాలతో మౌంట్ రాయల్ కొండెక్కి, దిగి, విందు చేసుకునేవారు. పోనుపోను పందాలు మొదలయ్యాయి. వెండి కప్పులు వచ్చాయి. జనం వేలల్లో చూడ్డానికొచ్చేవారు. 1883లో మొదలైన మాంట్రియల్ శీతాకాల ఉత్సవంలో ఈ క్లబ్బుల వాళ్లు కాగడాలతో మంచు కోటను ముట్టడించడమే పెద్ద ఆకర్షణ.

అయితే ఆ పందాల్లో అసలు మొనగాళ్లు నదికి అవతలున్న కానవాకె ఊరి మోహాక్ ఆదివాసులు. వాళ్ల తాతముత్తాతలు నడిచిన చెప్పులవి. మరి వాళ్లు గెలుస్తుంటే క్లబ్బు పెద్దలకు ఎలా ఉంటుంది? చాలా పోటీల్లో ఆదివాసులకు విడిగా ఒక పందెం పెట్టారు. వాళ్లకు డబ్బు బహుమతి ఇచ్చేవారు. డబ్బు తీసుకున్నారు కాబట్టి వాళ్లు 'వృత్తి ఆటగాళ్లు' అయ్యారు. వృత్తి ఆటగాళ్లు కాబట్టి పెద్దమనుషుల కప్పుల పోటీలకు పనికిరారు! ఎంత ముచ్చటైన తర్కమో చూడండి. చెప్పు వాళ్లది, నడక వాళ్లది, కప్పు మాత్రం వీళ్లది. స్నోషూ చరిత్ర రాసేవాళ్లు చాలాకాలం ఈ పేజీని వేగంగా తిప్పేశారు.

పచ్చిక మీద తెల్ల చార

ఇప్పుడీ ఆటకు వచ్చిన కష్టం వేరు. ఆడేవాళ్లున్నారు, చూసేవాళ్లున్నారు. మంచే నమ్మకంగా రావడం లేదు.

2017లో శారనాక్ లేక్‌లో ప్రపంచ పోటీలు జరిగింది ఫిబ్రవరి 24, 25 తేదీల్లో. సరిగ్గా ఆ వారమే ఈశాన్య అమెరికాలో చాలాచోట్ల ఉష్ణోగ్రతలు పాత రికార్డులు దాటేశాయి. చలికి పేరుపడ్డ ఊళ్లో ప్రపంచ పోటీ పెట్టుకుంటే, ఆకాశం వసంతాన్ని తెచ్చిపెట్టింది! అడిరాండాక్స్‌కు తూర్పున ఉన్న చాంప్లెయిన్ సరస్సు 19వ శతాబ్దంలో దాదాపు ప్రతి చలికాలం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టేది. ఇప్పుడు పూర్తిగా గడ్డకడితే అది వార్త.

ఇటలీలో పరిస్థితీ అంతే. అక్కడ ట్రెంటీనో ప్రాంతంలో, యాపిల్ తోటలకు పేరున్న నాన్ లోయలో, ఫోండో అనే ఊరుంది. 1973 నుంచి అక్కడ 'లా చాస్పొలాడా' అనే స్నోషూ పరుగు జరుగుతోంది. చాస్పొలె అంటే ఆ లోయ మాండలికంలో స్నోషూలు. ఏటా జనవరి 6న, క్రైస్తవుల ఎపిఫనీ పండగనాడు జరపడం ఆనవాయితీ. ముందు వరసలో దేశంలోని మేటి కొండ పరుగు వీరులుంటారు, వెనక తాతలు, మనవలు, వింత వేషాలవాళ్లు... వేలమంది. ఐరోపాలో ఈ ఆటకు తిరునాళ్ల లాంటిది. కానీ మంచు కురవని ఏడాది? యంత్రాలతో మంచు తయారుచేసి దారి పొడవునా పరిచారు. రెండువైపులా పచ్చటి పచ్చిక, మధ్యలో సన్నటి తెల్ల చార, దాని మీద కిక్కిరిసి వేలమంది! ఆ ఫొటోలు చూసినవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

మన దేశంలోనూ ఈ ఆట లేకపోలేదు. 2020 మార్చిలో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో తొలిసారి జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో స్నోషూ పరుగు కూడా ఒక అంశం. అదే గుల్‌మర్గ్‌లో 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన క్రీడలను చాలినంత మంచు లేక వాయిదా వేసి మార్చిలో జరిపారు. ఆ నెలలోనే ఇటలీలోని టూరిన్‌లో స్పెషల్ ఒలింపిక్స్ ప్రపంచ శీతాకాల క్రీడలు జరిగాయి. మానసిక ఎదుగుదలలో ఇబ్బందులున్న క్రీడాకారుల కోసం జరిగే ఆ పోటీల నుంచి భారత జట్టు 33 పతకాలతో తిరిగొచ్చింది. వాటిలో స్నోషూ పరుగులో వచ్చినవీ ఉన్నాయి. ఖరీదైన స్కీలూ, వాలు కొండలూ, ఏళ్ల శిక్షణా అక్కర్లేదు. నడవడం వచ్చినవాళ్లెవరైనా ఓ పూటలో అలవాటు పడొచ్చు కాబట్టే స్పెషల్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు అంత ఆదరణ. అసలు ఒలింపిక్స్‌లోకి మాత్రం ఇంకా దారి దొరకలేదు. 2026 మిలాన్-కోర్టినా క్రీడలకు స్కీ మౌంటెనీరింగ్‌ను చేర్చుకున్నారు గానీ స్నోషూను పట్టించుకోలేదు.

వెళ్లాలనుకుంటే...

న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లకు శారనాక్ లేక్ కారులో ఐదారు గంటల దూరం. కెనడా వైపు నుంచైతే మాంట్రియల్ దగ్గర. చలికాలం రోడ్ల మీద మంచు ఉంటుంది కాబట్టి ఆ టైర్లు వేయించుకుని బయలుదేరడం తప్పనిసరి. మంచు భవనం చూడాలంటే ఉత్సవం జరిగే పది రోజుల్లో, అదీ రాత్రి రంగుల దీపాలు వెలిగాక వెళ్లాలి. స్నోషూలు కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతాయి. రేసుకు పేరిచ్చేవాళ్లు కనీసం నాలుగైదు సార్లు వాటితో పరుగెత్తి చూసుకోవడం మేలు. రోడ్డు పరుగులో ఎప్పుడూ పలకరించని తొడ పైభాగపు కండరాలు ఇక్కడ మొదటి రోజే పలకరిస్తాయి. పత్తి బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. రెండు జతల ఉన్ని మేజోళ్లు, ముగింపు గీత దగ్గర వేసుకోవడానికి పొడి చొక్కా ఒకటి సంచీలో పెట్టుకోవాలి. బయలుదేరే ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, మంచు ఉందో లేదో కనుక్కోవడం మరవకూడదు.